బుగ్గ నీళ్లలో పప్పు ఉడకదు

జ్ఞాపకాన్ని సాక్ష్యంగా అంగీకరించే అలవాటు నాకు లేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పినదాన్ని; కళ్లారా చూశామన్నదాన్ని కూడా రెండోసారి చూసి రమ్మనే చెప్పాను. అందువల్ల ఒక నీటి ఊట గురించి రాయాలనుకున్నప్పుడు, నాకు గుర్తున్నవన్నీ ముందుగా మంజుల ఎదుట పెట్టి సరిచూసుకున్నాను. మంజుల మా చిన్నప్పటి ఇంటివాళ్ల అమ్మాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్ల ఇంటి వెనక వాటాలో మేము కిరాయికి ఉండేవాళ్లం. ఊట ఒడ్డున చింతచెట్టు ఉండేదని నేనన్నాను. "చింతచెట్టేడిదే? అది నేరేడు. నీ తెల్లగౌనుకు మరకలైతే మీ అమ్మ నన్ను తిట్టలే?" అంది మంజుల. మరకలు నాకూ గుర్తున్నాయి. చింతకాయ గౌనుకు ఊదారంగు పులమదు కనుక చెట్టు విషయంలో ఓటమి ఒప్పుకున్నాను. ఇక్కడ రాస్తున్నవన్నీ అలా ఇద్దరి మధ్య నలిగి మిగిలినవే.

సరిచూసుకోవలసిన అవసరం మొన్న వేసవిలో వచ్చింది. నేను చైతన్యపురిలో, మెట్రో స్టేషన్ వెనక వీధిలో ఉంటాను. కోచింగ్ పిల్లల హాస్టళ్ల మధ్య నాదొక్కటే ముసలి కిటికీ. మంజుల మన్సూరాబాద్‌లో సొంత ఇల్లు కట్టుకుంది. ఒక ఉదయం ఫోన్ చేసి పలకరింపు కూడా లేకుండా, "బుగ్గను పూడుస్తున్నరంట. నువ్వొస్తవా, నేనొక్కదాన్నే పోయి లొల్లి పెట్టాల్నా?" అని అడిగింది. నల్లగొండ వైపువాళ్లు ఊటను బుగ్గ అంటారు. మా కోస్తా ఇళ్లలో ఊట అనే అనేవాళ్లం. కానీ ఆ ఒక్క ఊట మాత్రం మాకూ బుగ్గే. ఎల్బీనగర్ దాటి, మన్సూరాబాద్ కాలనీల వెనక రాతిగుట్ట కింద ఉంటుందది. బండరాళ్ల సందుల్లోంచి ఎవరూ తవ్వకుండా, ఎవరూ తోడకుండా నీరు దానంతట అదే పైకి వచ్చే చోటు. మా బాల్యంలో ఆదివారం అంటే అదే.

మేమిద్దరం వెళ్లేసరికి బుగ్గ ఒక పార్కు మధ్యలో ఉంది. నడక బాట, వ్యాయామపు ఇనుప యంత్రాలు, నోళ్లు తెరిచి చెత్త అడిగే సిమెంటు పెంగ్విన్లు, ఆకుపచ్చ రంగు పులిమిన ఒక సిమెంటు జింక. ఆ జింక దగ్గర పిల్లలు ఫొటోలు దిగుతున్నారు. దాని కాళ్ల మధ్యగా నిజమైన ముంగిస ఒకటి దాటిపోతే ఎవరూ తల తిప్పలేదు. బుగ్గ చుట్టూ పసుపు పట్టీ కట్టి బోర్డు పెట్టారు. ఇక్కడ ఉన్నది పైపు లీకేజీ వల్ల నీరు నిలిచిన గుంత అనీ, దోమల బెడద దృష్ట్యా దీన్ని మట్టితో పూడ్చి పిల్లల ఆటస్థలంగా మారుస్తామనీ ఆ బోర్డు చెబుతోంది. నేను ఆ వాక్యాన్ని ఎన్నోసార్లు చదివాను. పూడ్చడం కన్నా నన్ను ఎక్కువ రగిలించినది 'పైపు లీకేజీ' అన్న మాట. ఒకదాన్ని చంపదలుచుకుంటే చంపండి. కానీ అది ఎప్పుడూ పుట్టనే లేదని రాయడానికి మీ దగ్గర ఉన్న ఆధారమేమిటి?

ఆధారం అడిగే ఈ జబ్బు నాకు మా అమ్మ నుంచి వచ్చింది. మాది తెనాలి వైపు. నాన్న ఉద్యోగరీత్యా హైదరాబాదు వచ్చినప్పుడు అమ్మ తెచ్చుకున్న సామానులో ఇత్తడి బిందెలూ ఆవకాయ జాడీలూ ఒక లాక్టోమీటరూ ఉన్నాయి. కొత్త ఊళ్లో ఎవరినీ నమ్మకూడదన్నది ఆమె సిద్ధాంతం. పాలబ్బాయి ఎదుటే గాజుగొట్టం పాలలో వదిలి, అది ఎంతవరకు మునిగిందో వంగి చూసి, ఏమీ అనకుండా తలెత్తి అతని మొహంలోకి చూసేది. బియ్యం గుప్పెట తీసి నలిపి చూసేది. పసుపును నీళ్లలో వేసి, కారాన్ని తెల్లకాగితం మీద రుద్ది చూసేది. కొత్తపేట పండ్ల మార్కెట్ నుంచి వేసవిగాలి మోసుకొచ్చే మామిడిపళ్ల వాసన కూడా ఆమెకు సందేహాస్పదమే. ఏ పండు చెట్టున మగ్గిందో, ఏది మందు పెట్టి మగ్గించినదో వాసనను బట్టి తేల్చేది. ఆమె లెక్క తప్పిన సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు తప్పు ముక్కుది కాదు, గాలిది అనేది.

ఆమెకు ఎదురుగా ముందు వాటాలో మంజుల వాళ్లమ్మ ఉండేది. మేమందరం పెద్దమ్మ అనేవాళ్లం. నల్లగొండ పల్లె నుంచి వచ్చి, పెనిమిటి లారీ సంపాదనతో ఇల్లు కట్టించిన మనిషి. ఆమె దేన్నీ పరీక్షించేది కాదు, ప్రకటించేది. బుగ్గ గురించి ఆమె ప్రకటనలు ముఖ్యంగా మూడు. ఆ నీళ్లు కృష్ణమ్మవి, నల్లగొండ కింది నుంచి భూమిలోపల నడిచి వస్తున్నాయి. అవి చలికాలం వెచ్చగా, ఎండాకాలం చల్లగా మారతాయి, ఎందుకంటే అమ్మకు మనమీద దయ. ఇక ఏ పిట్టయినా తాగిన నీళ్లు మనిషి తాగితే రోగం రాదు. ఈ మూడింటిలో ఒక్కటీ నిజం కాదు. కానీ ఈ మూడింటిని కాదనే ప్రయత్నంలోనే నేను చదువుకున్న శాస్త్రమంతా మొదలైంది.

ఆదివారం పొద్దున్నే రెండు వాటాలూ కలిసి బయలుదేరేవాళ్లం. పెద్దమ్మ జొన్నరొట్టెలు, వెల్లుల్లికారం మూట కట్టేది. అమ్మ పులిహోర, పెరుగన్నం గిన్నెలకు గుడ్డ బిగించేది. బస్సు ఎల్బీనగర్ దగ్గర దింపేసేది. అక్కడి నుంచి ద్రాక్షతోటల గట్ల వెంట నడక. పందిళ్ల మీద చల్లిన గంధకపు మందు వాసన ఇప్పటికీ ఎక్కడైనా నాకు ఎదురైతే కాళ్లకు మట్టి అంటుకున్నట్టు అనిపిస్తుంది. తోటలు దాటాక గుట్ట, గుట్ట నిండా సీతాఫలపు పొదలు, పొదల కింద బుగ్గ. నీరు ఒక పెద్ద రాతిపళ్లెంలో నిండి, అంచు మీదుగా పొర్లి, సన్నటి కాలువగా మూసీ వైపు జారిపోయేది. కాలువలో వేలెడంత చేపలు. బండమీద ఎండకాచుకునే ఉడుము ఒకటి మమ్మల్ని చూసి కదలడం కూడా దండగ అనుకునేది. లకుముకి పిట్ట నేరేడు కొమ్మ మీంచి నీలపు గీతలా నీళ్లలో పడి లేచేది. దూరంగా నెమళ్ల అరుపులు. నాన్న బండనీడన పేపరు మొహం మీద వేసుకుని నిద్రపోయేవారు. ఇంట్లో మాటకు మాట పెంచే ఆ ఇద్దరు ఆడవాళ్లూ కాళ్లు నీళ్లలో పెట్టి చాలాసేపు మాట్లాడకుండా కూర్చునేవాళ్లు. అమ్మ హైదరాబాదులో ఎక్కడైనా కొంగు వదులు చేసి కూర్చున్నదంటే అది అక్కడే. ఇందులో మంజులకు, నాకు మధ్య అభిప్రాయభేదం లేదు.

పెద్దమ్మ రెండో ప్రకటనను నేను హైస్కూల్లో ఉన్నప్పుడే పరీక్షించాను. సైన్సు మాస్టారిని బతిమాలి తెచ్చిన థర్మామీటరుతో చలిలోను, ఎండలోను కొలిస్తే బుగ్గ నీళ్ల వేడిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మారుతున్నది నీరు కాదు, మన చుట్టూ ఉన్న గాలి. భూమిలోతుల నుంచి వచ్చే నీటికి ఋతువులు అంత త్వరగా తెలియవు. ఈ సంగతి విజయగర్వంతో చెబితే పెద్దమ్మ నా తల నిమిరి, "అదే గదా బిడ్డా నేనన్నది. అందరు మారుతరు, ఆమె మారదు" అంది. ఆమె అన్నది అది కాదు. సరిగ్గా దానికి వ్యతిరేకం. కానీ ఆమెతో వాదన గెలవడం ఎవరి తరమూ కాలేదు, మా అమ్మ తరం తప్ప. అమ్మ గెలిచింది ఒక్కసారే, అది కందిపప్పుతో.

కృష్ణనీళ్ల ముచ్చట అమ్మను లోలోపల కుట్టేది. కృష్ణ ఆమె పుట్టింటి నది. దాన్ని ఈ రాళ్లమధ్య ఎవరో సొంతం చేసుకోవడం ఆమెకు మింగుడు పడలేదు. ఒక ఆదివారం సాయంత్రం బిందెడు బుగ్గనీళ్లు మోయించుకొచ్చి, రెండు కిరసనాయిలు స్టవ్వుల మీద ఒకే కొలత కందిపప్పు రెండు తపేలాల్లో పెట్టింది. ఒకదాంట్లో కుళాయినీళ్లు, రెండోదాంట్లో బుగ్గనీళ్లు. పెద్దమ్మ గడపలో పీట వేసుకుని కూర్చుంది. కుళాయినీళ్ల పప్పు మెత్తగా కరిగిపోయింది. బుగ్గనీళ్ల పప్పు కిరసనాయిలు అయిపోతున్నా గులకరాళ్లలా దొర్లుతూనే ఉంది. పప్పుగుత్తి వేసి మెదిపితే పక్కకు జారుకుంది. "కృష్ణనీళ్లయితే పప్పు ఇలా బిగుసుకోదు వదినగారూ. మేము పుట్టినప్పట్నుంచీ వండుకుంటున్నాం" అంది అమ్మ, గరిటె పక్కన పెడుతూ. పెద్దమ్మ తపేలాలోకి తొంగి చూసింది. "పప్పు మీ దిక్కుది, నీళ్లు మా దిక్కువి. ఒక్కనాడే ఎట్ల కలుస్తయి? జర టైం పడతది" అంది. ఆ మాటకు మొదట నవ్వింది అమ్మే. ఆ రాత్రి రెండు వాటాలకూ కుళాయి పప్పే వడ్డించారు. కారణం నాకు కాలేజీలో తెలిసింది. రాళ్లలో చాలాకాలం నానిన నీటిలో సున్నపు లవణాలు ఎక్కువగా కరిగి ఉంటాయి. అవి పప్పుగింజను కట్టి ఉంచే పదార్థాన్ని బిగదీస్తాయి. అది నదినీరు కాదు, భూగర్భజలం. అమ్మ తేల్చింది సరైనదే.

ఇక మూడో ప్రకటన ఒక ఆచారంగా నడిచేది. మిరుగు కార్తె రాకముందు, వానలు పడేలోగా, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కలిసి బుగ్గను తోడేవాళ్లు. చేపల్నీ తాబేళ్లనూ గంగాళాల్లోకి మార్చి, ఉన్న నీరంతా బిందెలతో ఎత్తిపోసి, ఏడాది పేరుకున్న బురద, ఆకులు తీసి, రాతిపళ్లెం బయటపడేదాకా కడిగేవాళ్లు. ఆ తర్వాత అందరూ గుట్టమీదికి వెళ్లి మాట్లాడకుండా కూర్చోవాలి. మళ్లీ ఊరే మొదటి నీళ్లు మనుషులవి కావు. ఏదో ఒక పిట్టో జంతువో వచ్చి తాగేదాకా ఎవరూ దిగకూడదు. పిట్ట తాగితే మనిషికి మంచిదన్న మాట తప్పని అప్పుడే వాదించాను. కాకి తాగే నీళ్లన్నీ మనం తాగితే దవాఖానలు చాలవు. అయితే ఆ నిశ్శబ్దపు నిరీక్షణ వల్ల బురద అడుక్కు దిగుతుంది, బెదిరిన ప్రాణులు తిరిగి వస్తాయి. దాన్ని మించి, ఖాళీ చేసిన ఊట మళ్లీ నిండుతుందో లేదో ఊరంతా కళ్లారా చూస్తుంది. ఆచారం చెప్పుకున్న కారణం వేరు, చేసిన పని వేరు. ఈ సంగతి నాకు పసుపు పట్టీ ముందు నిలబడి బోర్డు చదువుతున్నప్పుడే తట్టింది.

బోర్డు పెట్టించినది కాలనీ సంఘం కార్యదర్శి ప్రభాకర్‌గారు. రిటైరైన సివిల్ ఇంజనీరు, మా వైపు మనిషే, మర్యాదస్తుడు. బెంచీ మీద మాకు చోటిచ్చి, తను నిలబడే మాట్లాడారు. పక్క వీధిలో ఒక పాపకు డెంగీ వచ్చి ఆసుపత్రిలో పెట్టారనీ, తల్లిదండ్రులు వచ్చి గుంతను చూపించి ఏడ్చారనీ చెప్పారు. అది నేను తోసిపుచ్చగలిగిన మాట కాదు. చిన్నప్పుడు ఇక్కడ పైపులే లేవని, ఊట మాత్రం ఉందని మంజుల అంటే ఆయన శాంతంగా విన్నారు. "ఉండి ఉండొచ్చమ్మా. చుట్టూ ఇన్ని బోర్లు పడ్డాక ఆ ఊట ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది. ఇప్పుడొచ్చేది లైను లీకేజీ. మీకు గుర్తున్నది వేరు, ఇప్పుడున్నది వేరు" అన్నారు. మంజుల కోపంతో నావైపు చూసింది. నాకు మాత్రం ఆయన మీద గౌరవం కలిగింది. జ్ఞాపకాన్ని సాక్ష్యంగా ఒప్పుకోనన్నారాయన. నేనైనా అదే అనేదాన్ని. సోమవారం మట్టి లారీ వస్తుందన్నారు. పరీక్ష జరిగేదాకా లారీ గేటు దాటడానికి వీల్లేదని నేనన్నాను. "ఏం పరీక్ష మేడమ్?" అని అడిగారు. "మీ మాట తప్పయితే తప్పని తేలే పరీక్ష. నాది తప్పయితే నాదీ తేలాలి" అన్నాను. ఆయన సరేనని లారీని ఆపించారు.

ముందు దోమలు. తెల్లపళ్లెం, గరిటె పట్టుకుని పార్కంతా తిరిగాను. వాకింగ్‌కు వచ్చినవాళ్లు నన్ను ప్రసాదం పంచేదానిగా పొరబడి చేతులు చాచారు. దోమపిల్లలు పుష్కలంగా దొరికినవి సిమెంటు పెంగ్విన్ల కడుపుల్లోను, పనిచేయని ఫౌంటెన్ తొట్టిలోను. బుగ్గలో చేపలున్న నడిమధ్యన ఒక్కటీ లేదు. కానీ పొర్లుకాలువకు ప్లాస్టిక్ కప్పులు అడ్డం పడి నీరు నిలిచిన మూలలో కొన్ని ఉన్నాయి. వాటినీ ప్రభాకర్‌గారికి చూపించాను. "ఇవి చూపించకుండా ఉండాల్సింది గదనే" అని మంజుల పళ్లు కొరికింది. చూపించకపోతే మిగతావాటిని ఆయన ఎందుకు నమ్మాలి?

తర్వాత నీళ్లు. క్లోరిన్ ఉంటే పసుపు తిరిగే చుక్కలు వేశాను, రంగు రాలేదు. మట్టిలోంచి వస్తే క్లోరిన్ పోతుంది కదా అన్నారాయన. నిజమే. లవణాలు కొలిచాను, కుళాయినీటి కన్నా ఎన్నో రెట్లు. సీసాలో తెచ్చి కొలిచింది మీరే కదా అన్నట్టు ఒక చూపు చూశారు. అదీ న్యాయమే. ఒక ఫలితం నిజమైతే ఇంకొకరి చేతిలోనూ అదే రావాలి. అందుకని ఒక బిందెడు బుగ్గనీళ్లు, ఒక బిందెడు కుళాయినీళ్లు ఆయన ఇంటికే పంపి, రెండు గిన్నెల్లో కందిపప్పు పెట్టి చూడమని ఆయన భార్య విజయలక్ష్మిగారిని కోరాను. కుక్కరు వాడవద్దనీ, నోట్లో పెట్టుకోవద్దనీ, వేళ్లతో నలిపి చూస్తే చాలనీ చెప్పాను. ఏ నీళ్లు ఎక్కడివో ఆమెకు చెప్పలేదు. బిందెలకు రంగు దారాలు మాత్రం కట్టాను. మర్నాడు ఉదయం ఆమే పార్కుకు వచ్చారు. "ఎర్ర దారం నీళ్లేంటండీ బాబూ, గ్యాసంతా తినేసింది. పప్పు కాదు, గోలీలు" అన్నారు. ఎర్ర దారం బుగ్గది. ఆమె వెనకాల నిలబడ్డ ప్రభాకర్‌గారు గొంతు సవరించుకుని, లీకైన నీరు కూడా రాళ్లలో చాలాకాలం నిలిస్తే ఇలాగే కావచ్చు అన్నారు. మంజుల నెత్తి కొట్టుకుంది. నేను కాదనలేకపోయాను. అది కూడా సాధ్యమే.

ఇక మిగిలింది ఒక్కటే. "తోడుదాం" అన్నాను. పైపు నీరు వదిలిన రోజున కాదు. లైను మూసి ఉంచి తోడదాం. లీకేజీ అయితే ఖాళీ అయిన గుంత ఖాళీగానే ఉంటుంది. ఊట అయితే మన వాల్వులతో దానికి పని లేదు. ఈ షరతు ప్రభాకర్‌గారికి నచ్చింది. లైన్‌మన్‌తో మాట్లాడి, నీళ్లు రాని రోజు చూసి, ముందు సాయంత్రమే వాల్వు బిగించే ఏర్పాటు ఆయనే చేశారు. ఇంకా ఎక్కువకాలం మూయమని నేను పట్టుబట్టాను. మూడు వీధుల జనం తిడతారని ఆయన ఒప్పుకోలేదు. దొరికిన గడువుతోనే సరిపెట్టుకున్నాం. సరైన ప్రయోగానికి అది తక్కువేనని ఇక్కడా నమోదు చేస్తున్నాను.

ఆ ఆదివారం మంజుల ఇంటిలోని గంగాళం ఆటోలో వచ్చింది. వాళ్లమ్మ తాబేళ్లను ఉంచిన గంగాళమే అని మంజుల అంటుంది. దానికి ఋజువు లేదు కనుక నేనేమీ అనను. చేపల్ని దాంట్లోకి మార్చాం. ఫౌంటెన్ కోసం సంఘం కొన్న మోటారు ఆ రోజే మొదటిసారి పనికి వచ్చింది. నీరు తగ్గేకొద్దీ చిప్స్ ప్యాకెట్లు, వినాయకుడి ఇనుపచువ్వలు, ఒక చెప్పు, ఒక సెల్‌ఫోను, మోకాలిలోతు నల్లబురద. నడకకు వచ్చినవాళ్లలో కొందరు ప్యాంట్లు మడిచి దిగారు. కొందరు ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. చివరకు రాతిపళ్లెం బయటపడింది. దాని అంచున అరిగిన నున్నటి చోటు, మా అమ్మా పెద్దమ్మా కూర్చున్న చోటు, అలాగే ఉంది. అక్కడ కూర్చోవాలన్న కోరికను నేను బలవంతాన ఆపుకున్నాను. పరీక్ష ముగియలేదు.

మోటారు ఆపేశారు. పళ్లెం పొడిగా ఉంది. గుట్టవైపు వెళ్లి అందరం బండలమీద కూర్చున్నాం. మాట్లాడకూడదన్న నియమం మంజుల వివరించింది. ప్రభాకర్‌గారి ఫోను మోగింది. మంజుల చూసిన చూపుకు ఆయన దాన్ని కట్టేసి జేబులో పెట్టుకున్నారు. ఎండ ఎక్కుతోంది. మెట్రో రైలు మోత ఇక్కడిదాకా వినబడదు గాని, రోడ్డు మీద బస్సుల హారన్లు వినబడుతూనే ఉన్నాయి. నేను పళ్లెం మీద నుంచి చూపు తిప్పలేదు. ఏమీ జరగలేదు. చాలాసేపు ఏమీ జరగలేదు. ఆ సమయంలో నాలో నడిచినది శాస్త్రం కాదని ఒప్పుకోవాలి. అది లీకేజీ అని తేలితే మా అమ్మ కొంగు వదులు చేసుకున్న చోటు కూడా ఒక బోర్డుమీది గుంతగా మిగులుతుంది. దాన్ని నేనే నా చేత్తో ఋజువు చేసినదాన్నవుతాను. అయినా లేచి వెళ్లలేదు. ఫలితం నచ్చకపోతే ప్రయోగం మధ్యలో ఆపే హక్కు ఎవరికీ ఉండదు, నాకు కూడా.

మొదట రాతిసందు రంగు మారింది. బూడిదరంగు చీలిక నల్లబడి, తడిసి, దాని పెదవి మీద ఒక మెరుపు నిలిచింది. మెరుపు జారింది. వెనకే ఇంకొకటి. కాసేపటికి పళ్లెం అడుగున ఆకాశం ముక్క ఒకటి కనబడింది. ఎవరో ఏదో అనబోతే విజయలక్ష్మిగారే పెదవి మీద వేలు పెట్టారు. నీరు అద్దమంత, చాటంత, తొట్టెడంత అయింది. వాల్వు బిగించే ఉంది. ప్రభాకర్‌గారు లైన్‌మన్‌కు మెసేజి పెట్టి సరిచూసుకోవడం నేను గమనించాను, సంతోషించాను.

ఒక గోరింక వచ్చి అంచున వాలి తాగింది. అందరూ లేవబోయారు. "కూసోండ్రి. గోరింక లెక్కలకు రాదు. అది చాయ్ డబ్బా కాడ బిస్కెట్లు తినే పిట్ట" అని మంజుల గుసగుసలాడింది. వాళ్లమ్మ నియమాల్లో ఈ మినహాయింపు ఉన్నట్టు నాకు గుర్తులేదు. మళ్లీ కూర్చున్నాం. ఇంకాసేపటికి సిమెంటు జింక వెనక నుంచి ముంగిస వచ్చింది. ఆగి, మమ్మల్నందరినీ ఒకసారి చూసి, మా గురించి తన అభిప్రాయం తనలోనే ఉంచుకుని, వంగి తాగింది.

"సరే మేడమ్. ఊటే అనుకుందాం" అన్నారు ప్రభాకర్‌గారు.

"అనుకోవద్దండీ. బోర్డు మీద ఆ మాట చెరిపించండి."

ఆయన తలూపారు. తర్వాత, ఇంజనీరు మనసు ఊరుకోదు కనుక, "అయితే ఈ నీళ్లు తాగొచ్చా?" అని అడిగారు. తాగకూడదన్నాను. చుట్టూ ఇన్ని సెప్టిక్ ట్యాంకులు, ఇన్ని ఇళ్లు. ముంగిస తాగింది కదా అని మనిషి తాగరాదు. పరీక్ష చేయించకుండా అది మంచినీరని నేననను. మా రోజుల్లో దోసిళ్లతో తాగాం. ఇప్పుడు చేయి కడుక్కోవడానికి కూడా ఆలోచిస్తాను. ఆ తేడాకు కారణం బుగ్గ కాదు. అది చేసే పని అది చేస్తూనే ఉంది. దాని చుట్టూ మనం చేసిన పనే అందులో కరిగి ఉంది. మురికి చేసినవాళ్లమే ఇప్పుడు మురికిగా ఉందని దాన్ని పూడుస్తామంటున్నాం. తాగమని నేనెవరికీ చెప్పను. ఊట కాదని మాత్రం ఎవరినీ చెప్పనివ్వను.

డెంగీ వచ్చిన పాప ఇంటికి వచ్చేసింది. పెంగ్విన్ల నోళ్లకు మూతలు పెట్టారు. పొర్లుకాలువలో కప్పులు తీసే పని వాకింగ్ చేసే ఆడవాళ్లు వంతులు వేసుకున్నారు. కమిటీ మారితే మళ్లీ ఆటస్థలం మాట రావచ్చని ప్రభాకర్‌గారే హెచ్చరించారు. చుట్టూ బోర్లు దిగుతూనే ఉన్నాయి. బుగ్గ శాశ్వతమని చెప్పడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు. అందువల్ల పెద్దమ్మ ఆచారానికి అమ్మ పరీక్షను జోడించి ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఏటా మిరుగుకు ముందు వాల్వు కట్టి బుగ్గను తోడతాం. అది నిండాక ఒక గిన్నెడు నీళ్లు మంజుల ఇంటికి తెచ్చి, గుప్పెడు కందిపప్పు వేసి, స్టవ్వు మీద పెట్టి, రెండు వేళ్ల మధ్య నలిపి చూస్తాను. ఈ ఏడు నలగలేదు. ఖాళీ చేసిన బుగ్గ నిండని రోజున, లేదా పప్పు మెత్తగా నలిగిపోయిన రోజున, ప్రభాకర్‌గారి ఇంటికి నేనే వెళ్లి, మీరన్నదే నిజమైందని చెబుతాను. అంతవరకు మట్టి లారీ ఆ గేటు దాటదు.